గడియారం ముల్లు తిప్పితే పొద్దు పెరుగుతుందా?

అమెరికాలో మీ అన్నయ్యో, పిన్నిగారో ఉంటే ఒక సంగతి మీరు గమనించే ఉంటారు. జనవరిలో మనకు రాత్రి 8:30 అయినప్పుడు న్యూయార్కులో ఉదయం 10 గంటలు. అదే జూన్‌లో మనకు రాత్రి 8:30 అయితే అక్కడ ఉదయం 11 గంటలు. మన గడియారం మారలేదు. భూమి తిరిగే వేగమూ మారలేదు. మరి ఈ గంట ఎక్కడి నుంచి వచ్చింది?

అది మనుషులు తెచ్చిపెట్టుకున్న గంట. అమెరికాలో 2007 నుంచి అమలులో ఉన్న పద్ధతి ప్రకారం మార్చి రెండవ ఆదివారంనాడు తెల్లవారుజామున 2 గంటలు కాగానే గడియారాన్ని 3 గంటలకు జరుపుతారు. నవంబరు మొదటి ఆదివారంనాడు తిరిగి ఒక గంట వెనక్కి తిప్పుతారు. ఐరోపా దేశాలలో ఈ మార్పు మార్చి, అక్టోబరు నెలల ఆఖరి ఆదివారాలలో జరుగుతుంది. దీనినే ‘డేలైట్ సేవింగ్ టైమ్’ అంటారు. వేసవి కాలమానం అని మనం చెప్పుకోవచ్చు. ఏటా రెండుసార్లు జరిగే ఈ తతంగం ఇక చాలించాలా, కొనసాగించాలా అని ఆ దేశాలలో పెద్ద వాదోపవాదాలు జరుగుతున్నాయి. చాలించడమే మంచిదని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను. మీరే తూచి చూడండి.

మనకు లేని అవసరం వాళ్ళకెందుకు?

భూమి అక్షం 23.5 డిగ్రీలు ఒరిగి ఉందని మీరు చదువుకున్నారు. ఆ ఒరుగుదల వల్ల భూమధ్యరేఖకు దూరంగా పోయినకొద్దీ వేసవి పగటికీ, శీతకాలపు పగటికీ మధ్య తేడా పెరుగుతుంది. హైదరాబాదులో అతి పెద్ద పగలు సుమారు 13 గంటలు, అతి చిన్న పగలు సుమారు 11 గంటలు. తేడా రెండు గంటలే. లండన్‌లోనో? జూన్‌లో పగలు పదహారున్నర గంటలు దాటుతుంది, డిసెంబరులో ఎనిమిది గంటలైనా ఉండదు. గడియారం జరపకపోతే జూన్‌లో అక్కడ తెల్లవారుజామున మూడుముప్పావుకే పొద్దు పొడుస్తుంది. జనమంతా నిద్రలో ఉండగా వెలుతురు వృథా అవుతోందే అని కొందరికి అనిపించింది.

న్యూజిలాండులో జార్జి హడ్సన్ అనే ఆయన తపాలా శాఖలో పనిచేస్తూ, తీరిక వేళల్లో పురుగులను సేకరించి పరిశోధించేవారు. సాయంత్రం వెలుతురు మరికొంతసేపు ఉంటే బాగుండునని గడియారాన్ని రెండు గంటలు ముందుకు జరపాలని 1895లో సూచించారు. ఇంగ్లండులో విలియం విల్లెట్ అనే ఇళ్ళ నిర్మాత 1907లో ఇదే విషయంపై చిన్న పుస్తకం అచ్చువేసి పంచారు. ఆయన 1915లో కన్నుమూశారు. ఆ మరుసటి ఏడే, మొదటి ప్రపంచ యుద్ధంలో బొగ్గు ఆదా చేయడానికి జర్మనీ 1916 ఏప్రిల్ 30న గడియారాలను ముందుకు జరిపింది. కొద్ది వారాలకే బ్రిటన్, 1918లో అమెరికా అదే బాట పట్టాయి. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, 1942 నుంచి 1945 దాకా, మన దేశపు గడియారాలను కూడా ఒక గంట ముందుకు జరిపారు.

ఆదా ఎంత?

దీపాలకే కరెంటు ఎక్కువగా ఖర్చయిన రోజులలో ఈ పద్ధతికి ఒక అర్థం ఉండేది. ఈనాడు ఇళ్ళలో కరెంటును ఎక్కువగా తినేవి దీపాలు కావు, గదిని చల్లబరిచే, వెచ్చబరిచే యంత్రాలు. అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో చాలా జిల్లాలు 2006 వరకు గడియారాలు జరిపేవి కావు. ఆ ఏడు రాష్ట్రమంతటా జరపడం మొదలైంది. ఇద్దరు ఆర్థికశాస్త్రవేత్తలు ఇళ్ళ కరెంటు బిల్లులను పోల్చి చూస్తే వాడకం తగ్గకపోగా దాదాపు 1 శాతం పెరిగింది! దీపాల వల్ల మిగిలిన దానికన్న గదులను చల్లబరచడానికి, వెచ్చబరచడానికి అయిన ఖర్చు ఎక్కువయింది. 2007లో అమెరికా మొత్తం మీద వేసవి కాలమానాన్ని నాలుగు వారాలు పొడిగించారు. దానివల్ల ఏడాది కరెంటులో 0.03 శాతం ఆదా అయిందని అక్కడి ఇంధన శాఖే లెక్క కట్టింది. అంటే పదివేల యూనిట్లకు మూడు యూనిట్లు! ఈ మూడు యూనిట్ల కోసం కోట్లాదిమందిని నిద్రలేపాలా?

ఒంట్లోని గడియారం

1729లో ఫ్రాన్సులో ద మెరాన్ అనే శాస్త్రజ్ఞుడు పగలు ఆకులు విప్పి రాత్రి ముడుచుకునే అత్తిపత్తి జాతి మొక్కను చీకటిలో ఉంచి చూశాడు. వెలుతురు సోకకపోయినా వేళకు ఆకులు విప్పింది, వేళకు ముడుచుకుంది. ప్రాణుల లోపలే ఒక గడియారం ఉందన్నమాట. మన మెదడులోనూ ఉంది. కంటిలో పడే ఉదయపు వెలుగును బట్టి అది రోజూ తన్ను తాను సరిచేసుకుంటుంది. ఈ జీవ గడియారం కణాలలో ఎలా నడుస్తుందో కనిపెట్టినందుకే హాల్, రాస్‌బాష్, యంగ్ అనే ముగ్గురికి 2017లో నోబెల్ బహుమతి లభించింది.

గోడ గడియారం ప్రభుత్వం చెప్పినట్లు వింటుంది. ఒంట్లోని గడియారం సూర్యుడు చెప్పినట్లు మాత్రమే వింటుంది. మార్చి నెలలో ఒక గంట నిద్ర పోగానే ఆ తేడా బయటపడుతుంది. అమెరికాలో రెండు దశాబ్దాల రోడ్డు ప్రమాదాల లెక్కలు పరిశీలించిన శాస్త్రవేత్తలు, మార్చి మార్పు తరువాతి వారంలో ప్రాణాంతక ప్రమాదాలు సుమారు 6 శాతం ఎక్కువయ్యాయని 2020లో ప్రకటించారు. ఆరు శాతం చిన్న అంకెలా కనిపించవచ్చు. కాని ఆ అంకె వెనుక ఉన్నవి ప్రాణాలు సుమా!

ఆపితే ఏ గంట దగ్గర ఆపాలి?

అసలు చిక్కు ఇక్కడే ఉంది. మార్పు వద్దని చాలామంది ఒప్పుకుంటారు. ఏడాది పొడవునా వేసవి కాలమానమే ఉంచాలని కొందరు, ప్రామాణిక కాలమే ఉంచాలని కొందరు అంటారు. మార్పులు ఆపాలని ఐరోపా పార్లమెంటు 2019లో తీర్మానించి 2021ని గడువుగా పెట్టింది. గడువు దాటిపోయింది గాని సభ్యదేశాల మధ్య ఒప్పందం కుదరలేదు. శాశ్వత వేసవి కాలమానం కావాలని అమెరికా సెనేట్ 2022లో ఆమోదించిన బిల్లు దిగువ సభ దాటలేదు.

సాయంత్రం వెలుతురు ఎక్కువ ఉంటే ఆటలకు మంచిది, దుకాణాలకు బేరం బాగుంటుంది. ఇది నిజమే, కాదనను. కాని చలికాలం సంగతి చూడండి. చమురు కొరత వచ్చినప్పుడు అమెరికా 1974 జనవరిలో చలికాలంలో కూడా గడియారాన్ని ముందుకు జరిపి చూసింది. ఫలితమేమిటి? పిల్లలు చిమ్మచీకటిలో బడికి బయలుదేరవలసి వచ్చింది. తల్లిదండ్రులు గగ్గోలు పెట్టారు. రెండేళ్ళు సాగవలసిన ప్రయోగాన్ని ఆ అక్టోబరులోనే విరమించారు. బ్రిటన్ 1968లో మొదలుపెట్టి 1971లో వదిలేసింది. రష్యా 2011లో శాశ్వత వేసవి కాలమానం పెట్టుకుని 2014లో ప్రామాణిక కాలానికి మళ్ళింది. మూడు దేశాలు మూడుసార్లు చేసిన ప్రయోగం ఒకే ఫలితమిస్తే, నాలుగోసారి చేయడానికి తొందరపడటం దేనికి? ఒంటికి ఉదయపు వెలుగు కావాలి గనుక, ప్రామాణిక కాలం దగ్గరే ఆగడం మేలని నాకు తోస్తుంది. అమెరికాలోని నిద్రా వైద్యుల సంఘం కూడా 2020లో ఇదే చెప్పింది.

‘అలాగైతే న్యూయార్కులో జూన్‌లో నాలుగున్నరకే తెల్లవారుతుంది, ఆ వెలుగంతా దండుగ కాదా?’ అని మీలో ఎవరైనా అడగవచ్చు. మంచి ప్రశ్నే. దానికి జవాబు మన బళ్ళలోనే ఉంది. మార్చి వచ్చి ఎండలు ముదరగానే మనమేం చేస్తాం? ఒంటిపూట బడులు పెడతాం. ఉదయం ఎనిమిదింటికే గంట కొట్టి, మధ్యాహ్నం ఎండ తీవ్రం కాకముందే పిల్లలను ఇళ్ళకు పంపుతాం. ఏ గడియారం ముల్లునూ తాకం! పని వేళను మార్చుకుంటాం గాని కాలాన్ని మార్చం.

ఒక బడికి ఇది సులువే, రైళ్ళూ బ్యాంకులూ ఆఫీసులూ అన్నీ కలిసి మారాలంటే ఒక్క ఉత్తరువుతో గడియారం తిప్పడమే తేలిక గదా అనేవారున్నారు. తేలికే. కాని అందరికీ ఒకే మార్పు అక్కర లేదు. పాడిరైతునే తీసుకోండి. ఆవు గడియారం చూసి పాలివ్వదు. 1919లో అమెరికా రైతులు పట్టుబట్టే అక్కడి వేసవి కాలమానాన్ని రద్దు చేయించారు. అవసరమైనవారు తమ వేళలు మార్చుకుంటే సరిపోతుంది. అక్కరలేని వారి నిద్ర చెడగొట్టడం న్యాయం కాదు.

మీరే చేసి చూడండి

మన దేశానికి ప్రామాణిక కాలాన్నిచ్చే 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మన కాకినాడ సమీపం నుంచే పోతుంది. ఒక రేఖాంశానికీ మరో రేఖాంశానికీ 4 నిమిషాల తేడా. హైదరాబాదు 78.5 డిగ్రీల దగ్గర ఉంది కనుక అక్కడ సూర్యుడు నడినెత్తికి రావడానికి 16 నిమిషాలు ఆలస్యమవుతుంది. మీ ఊరి లెక్క మీరే కట్టండి. తరువాత బడి ఆవరణలో ఒక కర్రను నిలువుగా పాతి, పదకొండున్నర నుంచి పన్నెండున్నర దాకా అయిదేసి నిమిషాలకు ఒకసారి నీడ కొసను గుర్తుపెట్టండి. నీడ అతి పొట్టిగా ఉన్న క్షణమే మీ ఊరి అసలు మధ్యాహ్నం. సూర్యగమనంలోని చిన్న తేడాల వల్ల మీ లెక్కకు 16 నిమిషాల దాకా అటూ ఇటూ రావచ్చు. నెలకొకసారి చేసి పట్టిక రాయండి.

వేసవిలో న్యూయార్కు పిల్లలు ఇదే ప్రయోగం చేస్తే వాళ్ళ గడియారం ఒంటిగంట చూపుతున్నప్పుడు మధ్యాహ్నమవుతుంది. గడియారం మనం చేసుకున్న పనిముట్టు, సూర్యుడు కాదు. పనిముట్టు వల్ల మేలు ఉన్నంతకాలం వాడుకోవాలి. మేలు లేదని కొలతలు చెప్పినప్పుడు, అలవాటైపోయిందనే ఒక్క కారణంతో పట్టుకు వేలాడటం శాస్త్రీయ దృష్టి కాదు.