విహారయాత్ర విలాసం కాదు



నేను తొమ్మిదో తరగతిలో ఉండగా బడి పిల్లలను సాగర్ దగ్గరి ఎత్తిపోతల తీసుకెళ్లారు. డబ్బు కట్టలేని మేం హాస్టల్లోనే ఉండిపోయాం. జలపాతం 70 అడుగులనీ, కింద మొసళ్లున్నాయనీ వెళ్లొచ్చినవాళ్లు చెబుతుంటే వింటూ కూర్చున్నాం. "మనకి సూర్యలంక సముద్రం ఉందిగా" అని సర్దిచెప్పుకున్నాం.

పీజీలో చేరాక మిత్రులతో తలకోన వెళ్లాను. శేషాచలం అడవిలో రాళ్ల మీదుగా నడిచి, 270 అడుగుల నుంచి పడే నీటి ముందు నిలబడ్డాను. నీరు రాతిని ఎలా కోస్తుందో పుస్తకంలో బట్టీపట్టిన పాఠం అక్కడే అర్థమైంది. ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. ఫొటో చూపిస్తే కూలికెళ్లి వచ్చిన అమ్మ అడిగింది: "ఈ నీళ్లు ఎవరి చేలకి పోతాయిరా?" ఆ ప్రశ్న నాకు తట్టనే లేదు.

దుప్పట్లకే ఇబ్బందైతే యాత్రలెందుకని కొందరంటారు. దుప్పటి ముందే, కాదనను. కానీ చదునైన డెల్టాలో పుట్టిన మనకు కొండ చూడటమూ చదువే. పూర్వ విద్యార్థులం తలా కొంత వేసుకుంటే ఏడాదికో బస్సు కష్టం కాదు. ఒకటే షరతు: డబ్బు లేదని ఒక్కణ్ణీ వదిలి వెళ్లకూడదు.

మొదటి చందా నాది. అన్నలారా, ఆలోచించండి!