సినిమాకు వెళ్ళండి, శాలువా మరువకండి

ప్రశ్న: నా వయసు 27, నా భార్యకు 23. పెళ్ళయి ఏడాది అయింది. ఆమెకు సికిల్ సెల్ జబ్బు ఉంది. విశాఖపట్నంలో పడక కుర్చీలున్న ఏ.సి. హాలులో పెద్దలకు మాత్రమే అయిన సినిమా చూపించాలని నా కోరిక. ఆ చలికి నొప్పులు తిరగబెడతాయని మా అమ్మ వద్దంటోంది. మా ఊరి చలికంటే హాలు చలి ఎక్కువా? వెళ్ళవచ్చునా?
– ఒక పాఠకుడు, ముంచింగిపుట్టు

జవాబు: నిక్షేపంగా వెళ్ళవచ్చు. జబ్బు ఉన్నంత మాత్రాన కొత్త దంపతులు సరదాలన్నీ మానుకోనక్కర లేదు. అయితే మీ అమ్మగారి భయం ఉత్త భయం కాదు.

సికిల్ అంటే కొడవలి. మామూలు ఎర్ర రక్తకణాలు గుండ్రంగా, మెత్తగా ఉండి సన్నని రక్తనాళాలలో సులువుగా జారిపోతాయి. ఈ జబ్బులో అవి కొడవలిలా వంగి, గట్టిపడి, దారిలో ఇరుక్కుంటాయి. రక్తం అందని చోట భరించరాని నొప్పి పుడుతుంది. మన దేశంలో దీనిని మొదట 1952లో నీలగిరి గిరిజనులలో గుర్తించారు. మన ఏజన్సీలోనూ ఉంది. ఇది శాపం కాదు, అంటువ్యాధీ కాదు. తల్లిదండ్రుల నుంచి సంక్రమించేది.

ముంచింగిపుట్టు చలి తక్కువేమీ కాదు. కాని అక్కడ దుప్పటి కప్పుకుంటారు, నెగడు దగ్గర కూర్చుంటారు. విశాఖ ఉక్కలో చెమటపట్టిన ఒంటితో చల్లని హాలులోకి పోయి మూడు గంటలు కదలకుండా పడుకోవడం వేరు. చలికి రక్తనాళాలు ముడుచుకుంటాయి. చెమటతో ఒంట్లో నీరు తగ్గుతుంది. కణాలు ఇరుక్కోవడానికి ఈ రెండూ చాలు. కనుక చెమట ఆరాకే లోపలికి వెళ్ళండి. శాలువా, కాళ్ళకు మేజోళ్ళు తీసుకు వెళ్ళండి. విశ్రాంతి సమయంలో లేచి నాలుగడుగులు నడవండి. మధ్యలో లేవవలసి వస్తుందని మంచినీళ్ళు మానడం చాలామంది చేసే పొరపాటు. పొద్దుటి నుంచే బాగా తాగించండి. ఉప్పు పేలాలు దాహం పెంచుతాయి. జీలుగు కల్లు గాని, మరే మద్యం గాని ఆమెకు వద్దు.

అలసట కూడా నొప్పిని తెస్తుంది. పెదబయలు, పాడేరు మీదుగా ఘాట్ దిగి వచ్చిన రోజునే రెండో ఆటకు వెళ్ళి, అర్ధరాత్రి మోటారు సైకిలు మీద తిరుగుముఖం పట్టవద్దు. సాయంత్రం ఆట చూసి, ఆ రాత్రి విశాఖలోనే నిద్రపోండి. నిద్రమత్తులో ఘాట్ రోడ్డు ఎక్కడం జబ్బు లేనివారికీ ప్రమాదమే.

రోజూ వాడే హైడ్రాక్సీయూరియా, ఫోలిక్ ఆసిడ్ మాత్రలు ఆ రోజూ వేయించండి. 101 డిగ్రీల జ్వరం, ఛాతీనొప్పి, ఆయాసం, మాట తడబాటు, ఒక పక్క చెయ్యి కాలు పట్టు తప్పడం – వీటిలో ఏది కనిపించినా సినిమా పూర్తయ్యేదాకా ఆగకండి. 108కి ఫోన్ చేయండి. విశాఖలో కె.జి.హెచ్. ఉంది. వెళ్ళగానే "సికిల్ సెల్ ఉంది" అని చెప్పి కార్డు చూపండి.

మీరు అడగని మాట ఒకటి. దాంపత్య సుఖానికి ఈ జబ్బు అడ్డు కాదు. కాని బిడ్డను తలపెట్టే ముందు మీరూ రక్తపరీక్ష చేయించుకోవాలి. మీకు ఏ లోపమూ లేకపోతే పిల్లలు వాహకులవుతారే గాని జబ్బు రాదు. మీరు సికిల్ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం సగానికి సగం. వాహకులకు సాధారణంగా ఏ బాధా ఉండదు గనుక పరీక్ష లేనిదే తెలియదు. హైడ్రాక్సీయూరియా వాడుతూ గర్భం ధరించడం మంచిది కాదు. అలాగని మీ అంతట మీరు ఆపవద్దు, ముందుగా డాక్టరును అడగండి. 2023 జూలై 1న ప్రారంభమైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం 40 ఏళ్ళ లోపు వారి పరీక్షల కోసమే. మీ ఊరి ప్రభుత్వాసుపత్రిలో అడగండి.

సినిమా టిక్కెట్టు కంటే ముందు ఆ పరీక్షకు ఒక పూట కేటాయించండి. తరువాత నిశ్చింతగా సినిమాకు వెళ్ళండి.