లాటిన్, ఫీజు కట్టే పిల్లలకేనా?

ఇంగ్లండ్‌లో పిల్లల్ని ప్రభుత్వ బడులకు పంపుతున్న తెలుగు తల్లిదండ్రులకు విన్నపం.

2021లో ఇక్కడి ప్రభుత్వమే చెప్పిన లెక్క ఇది. 11–14 ఏళ్ల పిల్లలకు లాటిన్ చెబుతున్న ప్రభుత్వ బడులు నూటికి మూడు కూడా లేవు. ఫీజు బడుల్లో దాదాపు సగం చెబుతున్నాయి. ఆ తేడా తగ్గించడానికి 40 బడులకు 40 లక్షల పౌండ్లు కేటాయించారు, 2022లో పాఠాలు మొదలయ్యాయి. తర్వాత వచ్చిన ప్రభుత్వం డబ్బు లేదంటూ 2025 ఫిబ్రవరిలో, విద్యాసంవత్సరం నడుస్తుండగానే, ఆ సాయం ఆపేసింది. పొదుపే కావాలనుకుంటే కొత్తవాళ్లను చేర్చుకోవడం మాని, చేరినవాళ్లనైనా పరీక్ష దాకా చదివించాల్సింది.

దీనివల్ల ఏం వస్తుందని మనవాళ్లు అడుగుతారు. మెడిసిన్‌కు పనికొస్తుందని కొందరు ఆశపెడతారు, కానీ మెడికల్ సీటుకు లాటిన్ అక్కర్లేదు. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌లలో అందరికీ లాటిన్ తప్పనిసరి అన్న నియమం 1960 ప్రాంతంలోనే పోయింది. మేము అడుగుతున్నది సీటు కోసం కాదు, చదువు కోసం.

ఆ చదువు ఎలాంటిదో ఒక ఉదాహరణ చూడండి. ఉత్తర ఇంగ్లండ్‌లో హేడ్రియన్ గోడకు దగ్గర్లో విందొలాండా అనే రోమన్ కోట ఉంది. 1973 నుంచి అక్కడి తడినేలలో సిరాతో రాసిన పల్చటి చెక్కరేకులు బయటపడుతున్నాయి. సుమారు క్రీ.శ. 100 నాటి ఒక ఉత్తరంలో క్లౌడియా సెవెరా అనే సైనికాధికారి భార్య, స్నేహితురాలు లెపిడినాను తన పుట్టినరోజుకు రమ్మని పిలుస్తుంది. ఉత్తరం లేఖకుడు రాశాడు. చివరి పలకరింపు మాత్రం ఆమె తన చేత్తో రాసింది. స్త్రీ చేతి లాటిన్ రాతల్లో ఇప్పటిదాకా దొరికిన అతి పాతవాటిలో అదొకటి. అది బ్రిటిష్ మ్యూజియం సొత్తు. ఆ మ్యూజియం ప్రవేశం అందరికీ ఉచితం. ఆ ఉత్తరం చదవడం మాత్రం ఫీజు కట్టగలిగినవాళ్లకే నేర్పడం అన్యాయం.

ఇంట్లో తెలుగు వింటూ పెరిగిన పిల్లలకు లాటిన్ నడక పరాయిది కాదు. ‘రాముడు రావణుణ్ణి చంపాడు’ అన్నా, ‘రావణుణ్ణి రాముడు చంపాడు’ అన్నా ఎవరు ఎవర్ని చంపారో మనకు తెలుసు. విభక్తి చెబుతుంది. లాటిన్‌లోనూ అంతే. క్రియ కూడా తరచు వాక్యం చివరే వస్తుంది. మాటల వరసను బట్టి అర్థం చెప్పుకునే ఇంగ్లీషు ఒక్కటే వచ్చిన పిల్లలు తడబడేది ఇక్కడే. అయితే ఈ లాభం ఇంట్లో తెలుగు నిలబడితేనే. తెలుగు మాన్పించి లాటిన్ చెప్పించమని మేము అనడం లేదు.

మార్కులొస్తాయని ఇంటర్‌లో సంస్కృతం తీసుకుని, పరీక్షయ్యాక ఒక్క శ్లోకానికైనా సొంతంగా అర్థం చెప్పుకోలేని వాళ్లు మనలో ఎందరో ఉన్నారు. లాటిన్‌ను ఆ దారి పట్టించొద్దు. గ్రేడు కోసం బట్టీ పట్టించేట్లయితే అసలు అడగొద్దు.

టీచర్లు ఎక్కడున్నారని హెడ్‌టీచర్లు అంటారు. కొరత నిజమే. కానీ బడిలో ఉన్న ఇంగ్లీషు టీచరుకో చరిత్ర టీచరుకో శిక్షణ ఇప్పించి మొదలుపెట్టవచ్చు. క్లాసిక్స్ ఫర్ ఆల్ అనే సేవాసంస్థ 2010 నుంచి ప్రభుత్వ బడులకు ఇలాంటి సాయమే చేస్తోంది. మొదట్లో బడి వదిలాక వారానికి ఒక గంట దొరికినా మేలే. ప్రైమరీ పిల్లలకు ‘మినిమస్’ అనే పాఠ్యపుస్తకం ఉంది. అందులో ఒక చిట్టెలుకతో పాటు ఆ లెపిడినా కుటుంబమే పాత్రలు.

ఈ టర్మ్‌లోనే మీ బడి గవర్నర్లకు ఉత్తరం రాయండి. జీసీఎస్‌ఈ సబ్జెక్టులు ఎంచుకునే వేళకు అడిగితే ఆలస్యమైపోతుంది, ఇయర్ సెవెన్‌లోనే మొదలుకావాలి. మన సంతకాలతో ఆగకండి. తరగతిలోని గుజరాతీ, సోమాలీ, పోలిష్ తల్లిదండ్రులనూ కలుపుకోండి. పోలిష్ కూడా విభక్తులున్న భాషే, వాళ్లకు ఈ మాట ఇట్టే అర్థమవుతుంది. మీ ఎంపీని రెండు అడగండి: ప్రభుత్వ బడుల్లో లాటిన్‌కు మళ్లీ నిధులివ్వాలి, చేరిన పిల్లలు పరీక్ష రాసేదాకా ఏ కోర్సునూ మధ్యలో ఆపబోమని హామీ ఇవ్వాలి. ఉత్తరం రాయడంలో సాయం కావాలంటే వారాంతపు తెలుగు బడి దగ్గర మమ్మల్ని కలవండి.