ఊహాసౌధాలు ఎవరి నేలమీద?

నిలవడానికి వీలులేని మేడలను కంప్యూటరు తెరమీద కట్టే కళ ఒకటి ఈనాడు ప్రచారంలో ఉంది. పునాది లేని గోపురాలు, ఎక్కినకొద్దీ కిందికి దింపే మెట్లు! ఈ కళను నేను నిరసించను. 1920లో టాట్లిన్ పెట్రోగ్రాడులో నమూనాగా చూపిన గోపురం కూడా ఆనాటి పరిస్థితులలో కట్టలేనిదే. అది విప్లవానికొక రూపం ఇచ్చింది. ఎవరి పొలమూ అడగలేదు.

మన గుంటూరు సీమలో జరిగింది వేరు. 2014-15లో రాజధానికని కృష్ణ ఒడ్డున ముప్ఫైవేల ఎకరాలకు పైగా సమీకరించారు. 2015 అక్టోబరు 22న ఉద్దండరాయునిపాలెంలో శంకుస్థాపన అయింది. 2017లో లండను స్థపతి నార్మన్ ఫోస్టర్ సంస్థ శాసనసభకు ఆకాశాన్నంటే శిఖరం గీసింది. సలహాకు సినిమా దర్శకుడు రాజమౌళిని పిలిచారు. తెలుగుతల్లి విగ్రహంమీద సూర్యకిరణం పడే ఏర్పాటును ఆయన తెరమీద చూపారు. 2019లో ప్రభుత్వం మారింది, పనులు నిలిచాయి. 2024లో మళ్ళీ మారింది. 2025 మే 2న పనులు పునఃప్రారంభమయ్యాయి. ఇన్నేళ్ళూ బొమ్మ చెక్కుచెదరలేదు. చెదిరింది పొలం.

“కళను రాజకీయాలతో కలపకండి” అంటారు కొందరు మిత్రులు. కలిపింది నేనా? పట్టాదారుకు ప్లాటు, ఏటా కౌలు దక్కాయి. భూమిలేని కూలి కుటుంబానికి మొదట నిర్ణయించింది నెలకు 2,500 రూపాయల పింఛను. జరీబు నేలను దున్నిన కౌలురైతుకు ప్లాటులో వాటా లేదు. పత్తి తీసిన చేతులకు, మిరపకాయలు కోసిన చేతులకు ఆ బొమ్మలో చోటెక్కడ?

ఆ రాజధానికోసం రైతుస్త్రీలే ఏళ్ళతరబడి దీక్షలు చేశారు గదా అనవచ్చు. నిజమే. భూమి ఇచ్చేసినవారికి చేతిలో మిగిలింది బొమ్మే. దానిని వదులుకుంటే ఇచ్చిన భూమినీ వదులుకున్నట్లే. ఆ బొమ్మకున్న బలమూ అదే, క్రూరత్వమూ అదే.

ప్రాచీన అమరావతి శిల్పి కూడా రాతిపలకమీద స్తూపం బొమ్మ చెక్కాడు. దానిపైన గాలిలో తేలే దేవతలను నిలిపాడు. అదీ ఊహే. కాని అక్కడి రాళ్ళమీద దాతల పేర్లున్నాయి: వర్తకులవి, భిక్షుణులవి, విధికుడనే చర్మకారునిది. ఆ ఊహ తన్ను మోసినవారిని దాచలేదు.

కనుక విద్యార్థి మిత్రులారా, అసాధ్యాన్ని ఊహించండి, గీయండి. అయితే ఏ ప్రభుత్వమైనా, ఏ కంపెనీ అయినా బొమ్మ చూపి నేల అడిగిన రోజున, శిఖరం ఎత్తెంతని అడగకండి. ఆ నేలమీద నిన్నటిదాకా పనిచేసినవారి పేర్లు చదవమనండి. చదవలేని చిత్రకారుడు కళాకారుడు కాడు, దళారి.