మన మోటారు.. పక్కింటి కుళాయి



ఎనిమిదో తరగతి సైన్సులో పిల్లలు పీడనం గురించి చదువుతారు. లోతు పెరిగేకొద్దీ నీటి పీడనం పెరుగుతుందని రాసి మార్కులు తెచ్చుకుంటారు. ఆ పాఠానికి అసలైన ప్రయోగశాల మన ఇల్లే. అక్కడ మనం వాళ్లకు ఏం నేర్పుతున్నామో ఒకసారి ఆలోచిద్దాం.

ముందు చిన్న లెక్క. పది మీటర్ల ఎత్తున్న నీరు చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో పీడనం ఇస్తుంది. డాబా మీది ట్యాంకులో నీటిమట్టం షవరు కన్నా మూడు మీటర్లే ఎత్తులో ఉంటే అందేది 0.3 కిలోనే. పై అంతస్తులో ధార సన్నగా, కింద జోరుగా రావడానికి కారణం ఇదే. 500 లీటర్ల ట్యాంకు తీసి 1,000 లీటర్లది పెట్టినా, నీటిమట్టం ఎత్తు మారకపోతే ప్రెజర్ మారదు. ఇరవై అంతస్తుల అపార్టుమెంటులో సమస్య తిరగబడుతుంది. కింది ఫ్లాట్లలో ప్రెజర్ మరీ ఎక్కువై జాయింట్లు లీకవుతాయి కాబట్టి, దాన్ని తగ్గించే వాల్వులు పెడతారు.

ఇదంతా మన ట్యాంకు, మన పైపుల సంగతి. వీధిలోని మంచినీటి లైను మాత్రం అందరిదీ. నీళ్లు వదలగానే కొన్ని ఇళ్లలో ఆ లైనుకే నేరుగా బిగించిన మోటారు స్విచ్ వేస్తారు. మోటారు గుంజుకోగానే లైనులో పీడనం పడిపోతుంది. వీధి చివరి ఇంటికి చుక్క రాదు. పీడనం బయటి గాలి పీడనం కన్నా తగ్గితే, పైపు పగిలిన చోట్ల పక్కనున్న మురుగు కూడా లోపలికి వస్తుంది. అది వీధి చివరి వాళ్లకే కాదు, మోటారు వేసిన వాళ్ల గ్లాసులోకీ రావచ్చు. హైదరాబాద్‌లో జలమండలి ఇలాంటి మోటార్లను స్వాధీనం చేసుకుని జరిమానా వేయడం ఊరికే కాదు.

"అందరూ పెడుతున్నారు, మేం పెట్టకపోతే మాకు రావు కదా" అనేవారి ఇబ్బంది నిజమే. కానీ ఒకరు అర హార్స్‌పవర్ పెడితే ఇంకొకరు ఒకటి పెడతారు. లైనులో నీళ్లు మాత్రం పెరగవు, కరెంటు బిల్లే పెరుగుతుంది. వీధి వాళ్లంతా మాట్లాడుకుని మోటార్లు తీసేయడం, అప్పటికీ ప్రెజర్ లేకపోతే కలిసి ఫిర్యాదు చేయడమే దారి. వచ్చే నీటిని దాని దారిన సంపులోకి పడనిచ్చి, అక్కడి నుంచి మోటారుతో ట్యాంకుకు ఎక్కిస్తే ఎవరి వాటా తగ్గదు.

ఈ ఆదివారం పిల్లలతో ఒక పని చేయించండి. ఒక కుళాయి కింద పది లీటర్ల బకెట్ పెట్టి, ఎన్ని సెకన్లలో నిండిందో ఫోనులో చూడమనండి. తర్వాత అదే పైపు మీదున్న మరో కుళాయిని పూర్తిగా తిప్పి మళ్లీ చూడమనండి. రెండోసారి ఎక్కువ సమయం ఎందుకు పట్టిందో వాళ్లనే చెప్పనివ్వండి. ఆ తర్వాత, "మరి మన మోటారు వేస్తే పక్కింట్లో ఏమవుతుంది?" అని అడగండి.

జవాబు వాళ్లకు వెంటనే తడుతుంది. లైనుకు మోటారు బిగించి ఉంటే, వాళ్లు మనల్ని అడగబోయే తర్వాతి ప్రశ్నకు మనం సిద్ధంగా ఉండాలి.