ఓడితే సరే... పోటీయే జరగకపోతే?

ఆమధ్య కొండాపురం నుంచి ఓ పెద్దాయన జమ్మలమడుగులో బస్సు మారి, ప్రొద్దుటూరులో ఉన్న మా ఇంటికొచ్చారు. ముప్పై ఏళ్లు పిల్లలకు అక్షరాలు దిద్దించి రిటైరైన టీచరు. గుడ్డసంచిలోంచి మూడు వస్తువులు తీసి బల్లమీద పెట్టారు. ఒకటి ఆయన రాసిన పుస్తకం, రెండోది కరపత్రం, మూడోది రశీదు.

పుస్తకం యేసు జీవితం. తేటగీతుల్లో రాశారు. పెన్షన్ డబ్బులతో 500 కాపీలు అచ్చు వేయించుకున్నారు. కరపత్రం సంగతేమిటంటే, క్రైస్తవ సాహిత్యంలో ఉత్తమ పుస్తకాలకు పురస్కారం ఇస్తామని ఒక సంస్థ ప్రకటన. ప్రవేశ రుసుము రెండు వేలు, పుస్తకాలు నాలుగు. ఈయన రెండూ పంపారు. ఏడాది గడిచింది. చివరికి ఫోన్ చేస్తే, ‘పద్యానికి ఎంట్రీలు చాలినన్ని రాలేదు, ఆ విభాగం తీసేశాం’ అన్నారట. మరి డబ్బులు? ‘కట్టిన ఫీజు వాపసు ఉండదు సార్’ అని జవాబు.

‘‘రెండు వేలు పోతే పోనీ నాయనా. నా పుస్తకం ఎవరన్నా చదివి బాగలేదంటే బాధ లేదు. చదవకుండానే పక్కన పెట్టినారే, అదీ కడుపుమంట’’ అన్నారాయన.

క్రీస్తు కథ రాసి పెద్ద గౌరవం పొందిన తెలుగు కవి మనకున్నాడు. గుర్రం జాషువా ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. అది ఫీజు కట్టి తెచ్చుకున్నది కాదు. అలాగని ఫీజు తీసుకోవడమే తప్పనీ అనలేం. అమెరికాలో ఇవాంజెలికల్ క్రైస్తవ ప్రచురణకర్తల సంఘం 1978లో మొదలుపెట్టిన పుస్తక పురస్కారానికి ప్రచురణకర్తలు రుసుము కట్టే పుస్తకాలు పంపుతారు. హాలు అద్దె, పోస్టు ఖర్చు, జ్ఞాపికలు... ఎవరో ఒకరు భరించాలి కదా!

చిక్కల్లా వేరే చోట ఉంది. మన తిరునాళ్లలో బండలాగుడు పోటీలు చూస్తుంటాం. ఎద్దుల జతకు ఎంట్రీ ఫీజు కడతారు. తన ఎద్దులు ఓడిపోయాయని ఫీజు వెనక్కి అడిగే రైతు ఉంటాడా? ఉండడు. కానీ ఫీజులు వసూలు చేసుకుని, బండే కట్టకుండా ‘ఈ ఏడు పోటీ లేదు, డబ్బులివ్వం’ అంటే ఊరు ఊరుకుంటుందా? పుస్తకాల పోటీ అయినా న్యాయం అదే. ఓడితే అడగకూడదు. పోటీయే జరగకపోతే అడిగి తీరాలి.

అందుకే డబ్బు కట్టకముందే నాలుగు ప్రశ్నలు వేయాలి. పోటీ రద్దయినా, విభాగం తీసేసినా ఫీజు ఇస్తారా? పుస్తకం అర్హమైనది కాదని తేలితే ఎంత పట్టుకుంటారు? వాపసు ఎన్ని రోజుల్లో? ఫిర్యాదు వస్తే వినేదెవరు? ఈ నాలుగో ప్రశ్న చాలామంది మరిచిపోతారు. ‘న్యాయనిర్ణేతలదే తుది నిర్ణయం’ అని ప్రతి కరపత్రంలో ఉంటుంది. ఏ పుస్తకం బాగుందన్న విషయంలో అది సబబే. కానీ న్యాయనిర్ణేత తన బంధువు పుస్తకానికే బహుమతి ఇస్తే? గడువు దాటి వచ్చిన పుస్తకం గెలిస్తే? వాటిని విచారించడానికి ఆ న్యాయనిర్ణేతలు కాని మనిషి ఒకరుండాలి. జవాబులు ఫోన్లో కాదు, కాగితం మీద తీసుకోవాలి.

‘‘ఇప్పుడేం చేసేది నాయనా? సంఘం వాళ్ల మీద కోర్టుకు పోతే బాగుంటుందా?’’ అన్నారు సార్.

ఆయన సంకోచం నాకర్థమైంది. జవాబు ఆయనకు తెలిసిన గ్రంథంలోనే ఉంది. మత్తయి సువార్త 18వ అధ్యాయం ఒక వరుస చెబుతుంది. తప్పు చేసినవాడితో ముందు ఒంటరిగా మాట్లాడు. వినకపోతే ఒకరిద్దరు సాక్షులను తీసుకెళ్లు. అప్పటికీ వినకపోతే సంఘం ముందు పెట్టు. వివాదాల నియమావళి ఇంతకంటే తేలిగ్గా ఎవరు రాయగలరు?

అక్కడా పని జరగకపోతే చట్టం ఉంది. సేవలో లోపం ఉన్నప్పుడు బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా డబ్బు తిరిగివ్వకపోవడాన్ని 2019 వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత వ్యాపార పద్ధతిగా లెక్కగట్టింది. రుసుము తీసుకుని పోటీ పెడతామనడం సేవే కదా అని వాదించవచ్చు. ముందుగా 1915 నంబరుకు ఫోన్ చేసి సలహా అడగవచ్చు. ఫిర్యాదు చేసే మనిషి తాను ఉండే జిల్లాలోనే వేసుకోవచ్చు కాబట్టి, కొండాపురం వారికి కడప కమిషన్ చాలు. 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. వకీలును పెట్టుకోవాలన్న నిబంధన లేదు. గడువు రెండేళ్లు. రశీదు, కరపత్రం మాత్రం భద్రంగా ఉండాలి.

సార్ మొదటి మెట్టుతోనే సరిపెట్టుకున్నారు. ఒక పేజీ ఉత్తరం రాసి, రశీదు నకలు జతచేసి స్పీడ్ పోస్టులో పంపారు. కోపం మాట ఒక్కటి లేదు. ‘పోటీ జరగలేదు కనుక రుసుము, పుస్తకాలు పంపగలరు’ అంతే.

నెల తిరక్కుండా ఫోన్ చేశారు. డబ్బులొచ్చాయి, పుస్తకాలూ వచ్చాయి. సంతోషిస్తారనుకున్నాను.

‘‘నేను కట్టిన దారం ముడి నేను కట్టినట్లే ఉంది నాయనా, కట్ట విప్పనే లేదు’’ అన్నారు. కాసేపాగి, ‘‘ఒకటి నీకు పంపిస్తాలే, నువ్వన్నా చదువు’’ అన్నారు.

రెండు వేలు తిరిగి వచ్చాయి. ఏడాది ఎదురుచూపు ఎవరిస్తారు? పురస్కారాలు పెట్టేవాళ్లు నిబంధనలు రాసేటప్పుడు ఆ దారం ముడిని ఒకసారి తలుచుకుంటే చాలు.