మా గుమ్మములో కుక్కపిల్ల

ఈ పేజీలో సాధారణంగా పిల్లల పెంపకము గురించి, కుటుంబ ప్రార్థన గురించి వ్రాస్తూ ఉంటాము. ఈ నెల కుక్కపిల్ల గురించి వ్రాయవలసి వచ్చింది. నవ్వకండి. దాని మూలంగా ఒక విశ్వాసి మా గుమ్మము ఎక్కడం మానుకున్నది.

మొన్నటి చలికాలములో సంఘస్థులొకరు దానిని తెచ్చి ఇచ్చారు. నాటు కుక్కే. నల్లని ఒళ్ళు, నుదుటిమీద తెల్లని మచ్చ. మా పిల్లలు జిమ్మీ అని పేరు పెట్టారు. అప్పటికి దానికి 40 రోజులు కూడా నిండలేదు. మా మొదటి పొరపాటు అక్కడే. కుక్కపిల్ల 8 వారాలు తల్లి దగ్గర ఉండాలి. తోటి పిల్లలతో ఆడుతూ గట్టిగా కరిస్తే అవతలిది కుయ్యిమని అరిచి ఆట మానేస్తుంది. పన్ను ఎంత గట్టిగా దించవచ్చునో అది అక్కడే నేర్చుకుంటుంది. మా జిమ్మీకి ఆ పాఠము సగములో ఆగిపోయింది.

ఇక ఇంట్లో దాని అల్లరి చెప్పనలవి కాదు. చెప్పులు కొరికింది. పిల్లల మడమలు పట్టుకొని వ్రేలాడింది. ఆరాధనకు ఉతికి ఆరేసిన పంచెను ఇసుకలో ఈడ్చింది. మేము పేపరు చుట్టి కొట్టాము. ముక్కు పట్టుకొని, అది తడిపిన చోట నేలకు రాశాము. పెద్దలు అలాగే చేసేవారు గదా! దానివల్ల అది నేర్చుకున్నదల్లా మా చెయ్యి పైకి లేస్తే మంచము క్రింద దూరడం మాత్రమే. ఎప్పుడో చేసిన తప్పుకు ఇప్పుడు దెబ్బ పడితే ఆ రెంటికీ ఉన్న సంబంధము కుక్కకు తెలియదు.

తరువాత పశువుల ఆసుపత్రి డాక్టరుగారు చెప్పిన పద్ధతి చాలా తేలిక. కుక్కపిల్ల నిద్ర లేవగానే, తిన్న వెంటనే, ఆట ముగియగానే పెరట్లో ఒకే చోటికి తీసుకొనిపోవాలి. అక్కడ పని కానిస్తే వెంటనే మెచ్చుకోవాలి. రెండు నెలల పిల్ల పగటిపూట రెండు గంటలకు మించి ఆపుకోలేదు. కాబట్టి ఇంట్లో తడిపితే తప్పు చాలావరకు మనదే. చేతిని కొరికితే ఆట ఆపి, లేచి అవతలికి పోవాలి. పిల్లలు కేకలు వేస్తూ పరుగెత్తితే దానికి అది వేటగా తోస్తుంది. అందుకని చెట్టులా కదలకుండా నిలబడమని మా పిల్లలకు నేర్పాము. నాలుగవ నెలలో పాలపళ్ళు ఊడటము మొదలై, ఆరేడు నెలలకు 42 పళ్ళూ వస్తాయి. అంతవరకు చిగుళ్ళు సలుపుతాయి, ఏదో ఒకటి కొరకక తప్పదు. పాత తువ్వాలు తడిపి ముడివేసి ఇస్తే చెప్పులు బ్రతుకుతాయి. మిగిలిన అన్నము పెట్టేటప్పుడు ఉల్లిపాయ లేకుండా చూడండి, అది కుక్క రక్తానికి చెరుపు. ఉడికిన కోడి ఎముకలు కూడా వేయకూడదు, చీలి గొంతులో గుచ్చుకుంటాయి.

ఇవన్నీ చిన్న సంగతులు. మేము చేసిన పెద్ద తప్పు వేరే ఉన్నది.

వీధి కుక్కల వలన రక్త విరేచనాల జబ్బు వస్తుందని, టీకాలు పూర్తయ్యేవరకు జిమ్మీని పెరట్లో జామచెట్టుకు కట్టివేశాము. జాగ్రత్త మంచిదే. కాని కుక్కపిల్లకు మూడవ వారము నుండి ఇంచుమించు పద్నాలుగవ వారము వరకు లోకమును పరిచయము చేసుకొనే కాలము. ఆ రోజుల్లో ఏ మనుష్యులను, ఏ చప్పుళ్ళను మంచిగా చూస్తుందో వాటిని తనవిగా ఎంచుకుంటుంది. చూడనివాటికి తరువాత భయపడుతుంది. మొరగడములో చాలా భాగము ఆ భయమే. నేలమీద దింపకుండా చంకనెత్తుకొని రోడ్డు ప్రక్కన నిలబడినా సరిపోయేదట. మాకు తెలియలేదు. సాయంకాలము మోటారు సైకిళ్ళమీద వచ్చే కమిటీ సభ్యుల ఒడిలో మా పిల్లలు దానిని కూర్చోబెట్టేవారు. కనుక తెల్లచొక్కాలంటే దానికి ప్రేమ. చేతికర్రను గాని, గోనెసంచిని గాని, గడ్డిమోపును గాని అది ఎన్నడూ దగ్గరగా చూడలేదు.

మా వరండాలో శనివారము వేకువ ప్రార్థన జరుగుతుంది. పేటనుండి ఒక మామ్మగారు క్రమముగా వచ్చేవారు. చేతిలో కర్ర, భుజాన గోనెసంచి. ప్రార్థన అయ్యాక అటునుంచి అటే గడ్డి కోతకు వెళ్ళేవారు. జిమ్మీకి ఐదవ నెలలో ఒక వేకువన గొలుసు జారి, ఆమె మీదికి ఉరికి చీర అంచు చింపింది. మేము దానిని నాలుగు తగిలించి కట్టివేసి, ఆమెతో క్షమించమని చెప్పి పాట మొదలుపెట్టాము. ఆమె కాలు చూడలేదు. ఆ తరువాత రెండు శనివారాలు ఆమె రాలేదు. మూడవ వారము మేమే ఆమె ఇంటికి వెళ్ళాము.

మడమ పైన పసుపు పెట్టిన గీత కనబడింది. ఎందుకు చెప్పలేదమ్మా అని అడిగితే ఆమె అన్న మాట ఇది: "అది మీలాంటోళ్ళని గుర్తుపడతది అయ్యగారూ. మాలాంటోళ్ళు రాకుండానే గదా కట్టుకున్నారు."

యాకోబు పత్రిక రెండవ అధ్యాయము మీద మేము ఎన్ని ప్రసంగాలు చేశామో లెక్కలేదు. ఆ గుడిసె ముందు ఒక్క మాటా నోట రాలేదు.

అప్పటికప్పుడే ఆమెను ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు తీసుకొనిపోయాము. జిమ్మీకి మూడవ నెలలోనే రేబిస్ టీకా వేయించాము. కరిచిన 10 రోజుల తరువాత కూడా కుక్క ఆరోగ్యముగా ఉన్నది గనుక ప్రమాదము దాటినట్టేనని అక్కడి డాక్టరుగారు చెప్పారు. ఇన్ని రోజులు ఆగినందుకు మాత్రం మమ్మును గట్టిగా మందలించారు. ఆ మందలింపు మాకు తగినదే. చదువరులు దయచేసి గుర్తుంచుకోండి: కుక్క పన్ను గీరినా సరే, సబ్బుతో పారే నీటిక్రింద 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. పసుపు, కారము, సున్నము పెట్టకూడదు. రేబిస్ లక్షణాలు బయటపడిన తరువాత మనిషి బ్రతకడము దాదాపు లేదు.

కుక్కను ఎవరికైనా ఇచ్చివేద్దామని కూడా అనుకున్నాము. డాక్టరుగారు వద్దన్నారు. ఆ మామ్మగారినే బ్రతిమాలి రప్పించాము. మొదటి రోజు ఆమె కర్రతో, సంచితో గేటు అవతల, జిమ్మీ మొరగనంత దూరములో కూర్చున్నారు. ఆమె చేత ఉడికిన గుడ్డు ముక్కలు విసిరించాము. అది మొరిగితే ఆమె ఇంకొంచెము వెనుకకు, ఊరుకుంటే మరునాడు ఒక అడుగు ముందుకు. ఎవరూ దానిని అదలించలేదు, కొట్టలేదు. చిన్నప్పుడైతే నాలుగు రోజుల్లో అయ్యే పని ఆరు వారాలు పట్టింది. మధ్యలో ఒకసారి ఆమె కర్ర జారి చప్పుడై, పని మళ్ళీ మొదటికి వచ్చింది.

పరిశుద్ధ గ్రంథములో కుక్కకు మంచి పేరు తక్కువే. యోబు 30వ అధ్యాయములో మంద కాసే కుక్కల ప్రస్తావన మాత్రము ఉన్నది. కనాను స్త్రీతో ప్రభువు మాటలాడినప్పుడు గ్రీకులో ఉన్నది వీధి కుక్క అనే మాట కాదు, ఇంట్లో తిరిగే చిన్న కుక్క అనే మాట. మన తెలుగులోను కుక్కపిల్లలనే ఉన్నది. బల్లక్రింద చోటు గురించి మాటలాడినది ఆ స్త్రీయే. ఈ సంగతి మేము మామ్మగారికి చెప్పబోతే, "ముందు ఆ గుడ్డు ఇటియ్యండి అయ్యగారూ, అది చూస్తంది" అన్నారు.

ఇప్పుడు ఆమె శనివారము గేటు తీయగానే జిమ్మీ తోక ఊపుతూ గోనెసంచి వాసన చూస్తుంది. గ్యాసు బండ తెచ్చే అబ్బాయిని చూస్తే మాత్రం ఇంకా గొలుసు తెంపుకుంటుంది. ఈసారి అతడు వచ్చేసరికి రెండు గుడ్లు ఉడికించి ఉంచమని ఇంట్లో చెప్పాము.